నిపుణుడి ముందు మైకు పెట్టే ముందు

(కాశీబుగ్గలో యువతీ యువకుల రేడియో శిక్షణలో చేసిన ప్రసంగం పాఠం)



పలాస, మందస, మెళియాపుట్టి, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చిన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ జోహార్. తెల్లారకముందే గూడ దిగి, రోడ్డు దాకా నడిచొచ్చి బస్సెక్కిన వాళ్ళకి ఇంకో జోహార్.

ఈ పూట నాకిచ్చిన విషయం: స్థానిక రేడియోలో నిపుణులతో ముఖాముఖి. వినడానికి చిన్న పనిలా ఉంటుంది. డాక్టరు గారినో వ్యవసాయాధికారినో పిలుస్తాం, పది ప్రశ్నలు అడుగుతాం, నమస్కారం చెప్పి పంపిస్తాం. అరగంట అయిపోతుంది. ఏటుంది ఇందులో అనిపిస్తుంది.

కానీ మన ప్రాంతం సంగతి ఆలోచించండి. ఇక్కడ నిపుణుడి మాట మీదే మనుషుల ప్రాణాలు ఆధారపడ్డాయి. నిపుణుడు రాసిన కాగితం మీదే భూములు నిలిచాయి, పోయాయి కూడా. అలాంటి మనిషి మన ఎదురుగా కూర్చునే అరగంటలో ఎవరు ఏం అడుగుతారన్నది చిన్న విషయం కాదు.

ముందు రేడియో ఎవరిదో తెలుసుకుందాం. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. కేసు క్రికెట్ మ్యాచ్ ప్రసారాల గురించి. కానీ అందులో తేలిన మాట మనకి పనికొచ్చేది: గాలి తరంగాలు ప్రజల ఆస్తి. ప్రభుత్వానిదీ కాదు, కంపెనీదీ కాదు. ఆ తీర్పు ఇచ్చిన వాళ్ళలో జస్టిస్ పి.బి. సావంత్ ఒకరు. ఆ తర్వాత 2002లో విద్యాసంస్థలకీ, 2006లో స్వచ్ఛంద సంస్థలకీ కమ్యూనిటీ రేడియో పెట్టుకునే దారి తెరుచుకుంది.

తెలుగు నేల మీద ఆ దారిలో ముందు నడిచింది జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్ దళిత ఆడవాళ్ళు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల వాళ్ళు. స్టూడియో ఎప్పుడో తయారైంది, లైసెన్సు మాత్రం రాలేదు. ఏళ్ళ తరబడి ఎదురు చూశారు. ఖాళీగా కూర్చోలేదు. కార్యక్రమాలు క్యాసెట్ల మీద రికార్డు చేసి సంఘం మీటింగుల్లో వినిపించుకున్నారు. చివరికి 2008 అక్టోబరు 15న సంగం రేడియో మొదలైంది. దాన్ని ప్రారంభించింది ఎవరు? ఆ జస్టిస్ సావంత్ గారే. స్టూడియో నడిపింది ఎవరు? జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు పల్లెటూరి అమ్మాయిలు.

ఈ కథలో మనం పట్టుకోవాల్సింది ఒకటుంది. వాళ్ళు నిపుణుల కోసం హైదరాబాద్ వైపు చూడలేదు. ఏ విత్తనం ఏ నేలలో నిలుస్తుందో, జొన్నని పురుగు పట్టకుండా ఎలా దాచాలో తెలిసిన ముసలమ్మల ముందు మైకు పెట్టారు. నిపుణుడు అంటే ఎవరు అన్న ప్రశ్నకి వాళ్ళ జవాబు అది. అలాగని డాక్టరు అక్కర్లేదు, ఇంజనీరు అక్కర్లేదు అని నేను అనను. కుర్చీలు రెండు రకాలు ఉండాల. చదువుకున్న నిపుణుడికి ఒకటి, బతికి నేర్చుకున్న నిపుణుడికి ఒకటి. రెండింటి ఎత్తూ ఒకటే ఉండాల.

ముందు మొదటి కుర్చీ సంగతి.

ఉద్దానం కిడ్నీ జబ్బు తీసుకోండి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస... ఈ మండలాల్లో ఈ మాట తగలని ఇల్లు తక్కువ. రెండు దశాబ్దాలకు పైగా నిపుణులు వస్తున్నారు, రక్తం తీస్తున్నారు, నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్తున్నారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీళ్ళు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. ఇవి వచ్చాయంటే జనం అడిగి అడిగి తెచ్చుకున్నవే.

ఇప్పుడు అక్కడి నుంచి ఒక డాక్టరు గారు మన రేడియోకి వచ్చారు అనుకుందాం. మనలో చాలామంది మొదట అడిగేది ఇలా ఉంటుంది: “డాక్టరు గారూ, కిడ్నీ వ్యాధి గురించి మా శ్రోతలకి నాలుగు మాటలు చెప్పండి.” ఇది ప్రశ్న కాదు. మైకు ఆయన చేతికి ఇచ్చేసి మనం పక్కకి తప్పుకోవడం. ఆయన పుస్తకంలో ఉన్నది చెప్తారు. ఇంట్లో వినే మనిషి రేడియో కట్టేస్తాడు.

అదే ఇలా అడిగి చూడండి: “బాబూ, జీడితోటలో రోజంతా ఎండలో పనిచేసి వచ్చిన మనిషి, ఒళ్ళు నొప్పులకని మందుల షాపులో ఒక బిళ్ళ అడిగి తెచ్చుకుంటాడు. ఆ బిళ్ళ కిడ్నీకి ఏం చేస్తుంది?” ఇప్పుడు డాక్టరు గారు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్ళల పేర్లు చెప్పక తప్పదు. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు అవి వేసుకుంటే కిడ్నీకి వెళ్ళే రక్తం తగ్గుతుందని చెప్పక తప్పదు. అక్కడితో ఆగొద్దు. “మరి నొప్పి వస్తే ఏటి చేయాల? ఏ బిళ్ళ ఫర్వాలేదు? ఎన్ని రోజులు?” అని అడగాల. రేపు పొద్దున్న తోటకి వెళ్ళే మనిషికి కావలసింది ఆ చివరి జవాబు.

రెండో ప్రశ్న: “జబ్బు వచ్చిందని మాకు ఎలా తెలుస్తుంది?” మొదట్లో ఏమీ తెలీదు. నొప్పి ఉండదు. కాళ్ళు వాచే నాటికి ఆలస్యమైపోతుంది. అందుకే పరీక్ష. ఆయన ‘సీరం క్రియాటినిన్’ అంటారు. వెంటనే ఆపండి. మర్యాదగానే ఆపండి. “అంటే ఏటండీ?” అనండి. క్రియాటినిన్ అనేది ఒంట్లో తయారయ్యే ఒక వ్యర్థం, కిడ్నీ దాన్ని వడకట్టి మూత్రంలో పంపాలి, కిడ్నీ బలహీనపడితే అది రక్తంలో పోగుపడుతుంది. ఇంత చిన్న మాటలో చెప్పించండి. ఒక్కసారి పరీక్ష చేస్తే చాలా? చాలదు. మూడు నెలలు పైబడి తేడా అలాగే ఉంటేనే దీర్ఘకాలిక జబ్బు అంటారు. మూత్రంలో అల్బుమిన్ పరీక్ష కూడా ఉంది. ఇవన్నీ ఎక్కడ చేస్తారు, ఏ రోజు, ఏ కార్డు పట్టుకెళ్ళాల, డబ్బు అడిగితే ఎవరికి చెప్పాల? ఇవి అడగకుండా ఆయన్ని లేవనివ్వొద్దు.

మూడో ప్రశ్న కష్టమైనది: “ఎందుకు వస్తోంది?” నీళ్ళు అంటారు, సిలికా అంటారు, పురుగు మందులు అంటారు, ఎండ దెబ్బ అంటారు, వంశపారంపర్యం అంటారు. ఇదే అని ఒక్క కారణం ఇప్పటికీ తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకి ఇలాంటి జబ్బే ఉంది. ఎల్ సాల్వడోర్, నికరాగువాల్లో చెరకు నరికే కూలీలకి ఉంది. ఎక్కడ చూసినా ఎండలో ఒళ్ళు విరుచుకునే పేదవాళ్ళే. మన డాక్టరు గారు “మాకింకా పూర్తిగా తెలీదు” అంటే ఆయన్ని తక్కువ చేయొద్దు. ఆ మాట చెప్పే అవకాశం ఆయనకి మనమే ఇవ్వాల. తెలీదు అని నిజం చెప్పిన నిపుణుణ్ణి జనం నమ్ముతారు. అన్నీ తెలుసు అన్నవాడి మాట మీద ఊళ్ళో పుకారు పుడుతుంది. ఆ పుకారుతోనే దొంగమందులు అమ్ముకునేవాడు వస్తాడు.

కాబట్టి ప్రతి నిపుణుడికీ మూడు ప్రశ్నలు తప్పనిసరి అని రాసుకోండి. మీకెలా తెలిసింది? మీకింకా తెలియనిది ఏటి? రేపు పొద్దున్న మా మనిషి ఏటి చేయాల?

‘మీకెలా తెలిసింది’ అన్న ప్రశ్న ఎంత బరువైందో సోంపేట చెప్తుంది. అక్కడి బీలని కాగితాల మీద పనికిరాని బంజరు నేలగా చూపించి, థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇచ్చారు. ఊళ్ళ వాళ్ళకి అది బంజరు కాదు. పంటకి నీళ్ళిచ్చేది, గొడ్డుకి మేత ఇచ్చేది, గంగపుత్రులకి చేపలిచ్చేది. పర్యావరణ నివేదిక రాసిన వాళ్ళకి కనిపించని నీళ్ళు అక్కడ వల వేసే వాళ్ళకి కనిపించాయి. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. తమ్ముళ్ళూ, ఆ రెండూ ఒకే రోజు జరిగాయని గుర్తుంచుకోండి. ‘మీరు ఈ నేలని ఏ నెలలో చూశారు? వానల్లో చూశారా? ఎవరిని అడిగారు?’ అన్న ప్రశ్నలకి ముందే సరైన జవాబు వచ్చి ఉంటే ఆ రోజు అలా ఉండేది కాదేమో.

ఇక రెండో కుర్చీ.

కాశీబుగ్గ జీడి పరిశ్రమలో పిక్కలు కొట్టే అక్కని పిలవండి. పెంకులో ఉండే జిడ్డు చర్మాన్ని కాల్చేస్తుంది. ఆ చేతులతోనే ఆమె పిక్క పట్టుకుని, పప్పు గుండుగా వస్తుందా, బద్దలవుతుందా చెప్పేస్తుంది. ఆమె పక్కన చర్మవ్యాధుల డాక్టర్ని కూర్చోబెట్టండి. 80 కిలోల బస్తా లెక్కన జీడిపిక్కలు అమ్మే రైతుని, ధర ఎలా కడతారో తెలిసిన వ్యాపారిని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. వాతావరణ శాఖ లెక్క ప్రకారం గాలి గంటకి 140-150 కిలోమీటర్లు. కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి, కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి. అలాంటప్పుడు రెండు బ్యాటరీలతో పనిచేసేది రేడియోనే. తుపాను నిపుణుడిని అక్టోబరు వచ్చాక పిలిస్తే ఏం లాభం? వేసవిలోనే పిలవాల. ఆయన పక్కన ఆకాశం రంగు చూసి పడవ వెనక్కి తిప్పే తాతని కూర్చోబెట్టాల. ఇద్దరూ ఒకరినొకరు అడిగేటట్టు చేయాల.

పెద్దల మాటకి విలువేంటి, కోర్టులో చెల్లుతుందా అని ఎవరైనా నవ్వితే, అటవీ హక్కుల చట్టం నియమాలు చూపించండి. 2006 చట్టం. హక్కు రుజువు చేసుకోవడానికి పనికొచ్చే సాక్ష్యాల జాబితాలో, దరఖాస్తుదారు కాని ఊరి పెద్దలు చెప్పిన మాటని రాసిపెట్టిన వాంగ్మూలం కూడా ఒకటి. పాత గట్లు, ఇళ్ళు, శ్మశానాలు, దేవతల చోట్లు కూడా సాక్ష్యమే. అంటే మన తాత ఆ విషయంలో నిపుణుడని చట్టమే ఒప్పుకుంది. మన రేడియోలో ఆ తాత అరగంట మాట్లాడితే, ఏ పోడు ఎప్పటిది, ఏ వాగు పేరేంటి అన్నీ బయటికొస్తాయి. రికార్డింగ్ ఉంటే చాలు అనుకోకండి. అది విని కాగితం మీద రాసి, వేలిముద్రో సంతకమో తీసుకోవాల. రేడియో దానికి మొదటి మెట్టు.

ఇదే విషయం మీద అధికారిని పిలిచినప్పుడు సూటిగా అడగండి. 2022లో జిల్లాలు విడగొట్టాక సీతంపేట ఐటీడీఏ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళిపోయింది. మందస, మెళియాపుట్టి వైపు చాలా గూడలు ఐదో షెడ్యూల్లో లేవు. “షెడ్యూల్లో లేరు కాబట్టి మీకు హక్కుల్లేవు” అని ఎవరైనా తేలిగ్గా అనేస్తే ఏం అడగాల? “అయ్యా, 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతానికే, ఒప్పుకున్నాం. 1970 భూబదలాయింపు నిబంధన కూడా అక్కడికే, ఒప్పుకున్నాం. కానీ అటవీ హక్కుల చట్టం అలా షెడ్యూలు గీత గీసిందా?” గీయలేదు. అడవిలో ఉంటూ అడవి మీద బతికే షెడ్యూల్డు తెగల వాళ్ళు షెడ్యూలు బయట ఉన్నా ఆ చట్టం వర్తిస్తుంది. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉండాలి. గ్రామసభ, తర్వాత సబ్ డివిజన్ కమిటీ, తర్వాత కలెక్టరు గారి అధ్యక్షతన జిల్లా కమిటీ. గ్రామసభ తీర్మానం నచ్చకపోతే 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి చెప్పుకోవచ్చు. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే మరో 60 రోజుల్లో జిల్లా కమిటీకి వెళ్ళొచ్చు. ఇవి మీకు ముందే తెలిసుండాల. తెలిసి అడిగితే అధికారి గౌరవంగా జవాబిస్తారు. తెలియకుండా అడిగితే ఉపన్యాసం ఇస్తారు.

భాష సంగతి. మన గూడల్లో ముసలివాళ్ళకి తెలుగు సగమే అర్థమవుతుంది. డాక్టరు గారి తెలుగు అందులో సగం. సవర భాషలో అడిగి, సవరలో తిరిగి చెప్పే మనిషి స్టూడియోలో ఉండాల. ఇది దయ కాదు, అవసరం. గిడుగు రామమూర్తి గారిని అందరూ వ్యావహారిక తెలుగు కోసం తలుచుకుంటారు. ఆయన పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకి వాళ్ళ భాషలో చదువు చెప్పించాలని పుస్తకాలు రాశారు. 1931లో సవర భాష వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. అంత పండితుడు ఒక సవర మనిషి ముందు విద్యార్థిగా కూర్చున్నాడు. మీ స్టూడియోకి వచ్చే పండితుడిని కూడా కాసేపు అలా కూర్చోబెట్టండి. “మా భాషలో ఈ జబ్బుని ఇలా అంటారండీ” అని ఆయనకి చెప్పండి. ఆస్పత్రికి తిరిగి వెళ్ళాక ఆ మాట ఆయనకి పనికొస్తుంది.

ఇక పనిముట్ల సంగతి సూటిగా చెప్తాను. కమ్యూనిటీ రేడియోకి ఇచ్చేది 100 వాట్లు. సుమారు పది కిలోమీటర్లు. ఎఫ్‌ఎం కొండ దాటదు. కాశీబుగ్గలో స్తంభం పెడితే పలాస వింటుంది, మహేంద్రగిరి వైపు కొండ మడతల్లో ఉన్న గూడ వినదు. వ్యక్తులకి, రాజకీయ పార్టీలకి లైసెన్సు ఇవ్వరు. మూడేళ్ళ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ కావాల. సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలు మాత్రం తిరిగి వేయొచ్చు. కానీ వాతావరణం, ఆరోగ్య హెచ్చరికలు, తుపాను, నీళ్ళు, కరెంటు, ఉద్యోగాలు, పరీక్షలు... ఇవి వార్తల కింద లెక్క కాదు. మన పని చాలావరకు అక్కడే ఉంది.

లైసెన్సు వచ్చేదాకా ఆగాలా? ఆగక్కర్లేదు. మాచ్‌నూర్ వాళ్ళ క్యాసెట్లు గుర్తుచేసుకోండి. ఛత్తీస్‌గఢ్‌లో 2010 నుంచి సీజీనెట్ స్వర అని నడిచింది. జనం ఫోన్ చేసి గోండిలో, హిందీలో తమ సమస్య చెప్తారు, మిగతావాళ్ళు ఫోన్లోనే వింటారు. తర్వాత వాళ్ళే బుల్టూ రేడియో అని మొదలుపెట్టారు. నెట్ లేని ఊళ్ళో బ్లూటూత్‌తో ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి కార్యక్రమం పంపడం. మన సంతలో అది చేయలేమా? వారం వారం సంతకి వచ్చే ప్రతి గూడ మనిషి ఫోన్లోకీ ఒక అరగంట కార్యక్రమం ఎక్కించి పంపొచ్చు. కొండ అడ్డం ఉన్నా మాట చేరుతుంది.

వినడంతో పని అయిపోదు. 1956లో పుణె రేడియోతో మహారాష్ట్రలో 150 ఊళ్ళలో ఒక ప్రయోగం చేశారు. వారానికి రెండుసార్లు జనం ఒకచోట కూర్చుని కార్యక్రమం విని, చర్చించుకుని, ప్రశ్నలు తిరిగి రేడియోకి రాసి పంపారు. డెబ్బై ఏళ్ళ కిందటి ఆ పద్ధతి ఇవాళ వాట్సాప్ వాయిస్ మెసేజ్‌తో ఎంత సులువో ఆలోచించండి. ప్రశ్నలు స్టూడియోలో పుట్టకూడదు. బోరింగు దగ్గర, సంతలో, ఆస్పత్రి వరండాలో పుట్టాల. మీరు వాటిని మోసుకొచ్చే మనుషులు మాత్రమే.

ఒక హెచ్చరిక కూడా. జబ్బున్న మనిషిని మాట్లాడించేటప్పుడు పేరు, ఊరు చెప్పాలా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టం. కిడ్నీ జబ్బు ఉందని తెలిస్తే ఆ ఇంట్లో పిల్లకి సంబంధం రాదని భయపడే తల్లులు మన ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళ కన్నీళ్ళు మన కార్యక్రమానికి సరుకు కాకూడదు.

మరి మీకు అప్పగింత. మీ గూడకో, ఊరికో వెళ్ళాక పదిహేను రోజుల్లో ఐదుగురిని అడిగి ఐదు ప్రశ్నలు తీసుకురండి. వాళ్ళు ఎలా అడిగారో అలాగే, వాళ్ళ మాటలోనే రాయండి, దిద్దొద్దు. ఆ ప్రశ్నలకి జవాబు ఎవరి దగ్గర ఉందో మనం కూర్చుని చూద్దాం. కొన్నిటికి పలాస డాక్టరు, కొన్నిటికి ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్త, కొన్నిటికి మీ అవ్వ. ఆ ముగ్గురినీ పిలుద్దాం. మూడు నెలలు పోయాక మళ్ళీ పిలుద్దాం. “అప్పుడు మీరు ఇలా చెప్పారు, మేం ఇలా చేశాం, ఇది జరిగింది, ఇది జరగలేదు. ఇప్పుడేటి చెప్తారు?” అని అడుగుదాం.

రెండోసారి కూడా పిలుస్తారని తెలిసిన నిపుణుడు మొదటిసారే జాగ్రత్తగా మాట్లాడతాడు. మన రేడియోకి ఉండాల్సిన బలం అదే.

జోహార్.